సంచకరువు, బయానా, మధ్యలో ‘డబుల్’ గొడవ: పాఠకుల ప్రశ్నలకు వకీలు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద వచ్చాయి, అదీ ఒకరికొకరు తెలియనివాళ్ల నుంచి. అందుకే మిగతావి వచ్చే సంచికకు పెట్టేసి ఈ మూడూ కలిపి తీసుకుంటున్నా.

ప్రశ్న: వకీలు గారూ నమస్తే. మా తాతగారి ట్రంకుపెట్టెలో 1936 నాటి కాగితం ఒకటి దొరికింది. ఎకరంన్నర మాగాణి కొనడానికి రాసుకున్న ఒప్పందం. అందులో “సంచకరువు కింద ఈ దినం పదకొండు రూపాయలు ముట్టజెప్పినారు” అని ఉంది. సంచకరువు అంటే మా ఇంట్లో ఎవరికీ తెలీదు, మావారైతే సంచి ఖర్చేమో అన్నారు. మా అత్తమ్మ మాత్రం ఈ మాట ప్రతి ఆదివారం చర్చిలో వింటాను అంటున్నారు. ఆమె చెప్పింది నిజమేనా, పొలం కాగితంలోకి చర్చి మాట ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ అత్తమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే చర్చి మాట పొలంలోకి రాలేదు, పొలం మాటే చర్చిలోకి వెళ్లింది.

సంచకరువు అంటే బేరం కుదిరిందని చెప్పడానికి కొనేవాడు ముందుగా అమ్మేవాడి చేతిలో పెట్టే సొమ్ము. ఇప్పుడు మనం అడ్వాన్స్ అనేస్తున్నాం, తెలంగాణలో బయానా అంటారు, కోర్టు ఇంగ్లీషులో ఎర్నెస్ట్ మనీ. సంచకారం అని కూడా రాస్తారు. సంచికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, మీవారికి చెప్పండి. ఇది సంస్కృతంలోని సత్యంకారం నుంచి వచ్చింది. సత్యం చేయడం, అంటే నోటితో అన్న మాటను నిజం చేసి చూపించడం. నిత్యం అనేది పాత తెలుగులో నిచ్చ, నిచ్చలు అయినట్టే సత్యం జనం నోట్లో సచ్చ అయింది, సచ్చంకారం కాస్తా నలిగి నలిగి సంచకారం అయింది. అమరకోశం కంఠతా పట్టినవాళ్లుంటే వైశ్యవర్గం గుర్తుచేసుకోండి, సత్యాపనం, సత్యంకారం, సత్యాకృతి అని వరసగా వస్తాయి, మూడింటికీ ఇదే అర్థం. మనకే కాదు, తమిళంలో సంజకారం ఉంది, మరాఠీలో సంచకార్ ఉంది. కన్నడంలోనూ సంచకారం అంటే అడ్వాన్సే, కానీ అక్కడి పేపర్లు తిరగేస్తే “జీవక్కె సంచకార” అని కూడా కనిపిస్తుంది, ప్రాణం మీదికి వచ్చింది అనే అర్థంలో. యముడు ముందే బయానా ఇచ్చి వెళ్లాడు అన్న ఊహలోంచి వచ్చిందేమో అని నా అనుమానం, భాష తెలిసినవాళ్లు తిడితే పడతాను.

ఇక చర్చి సంగతి. తెలుగు బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం 14వ వచనం తీసి చూడండి, పరిశుద్ధాత్మను ‘మన స్వాస్థ్యమునకు సంచకరువు’ అన్నారు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలోనూ రెండుచోట్ల వస్తుంది. రాబోయేది మొత్తం మీకే, దానికి గుర్తుగా ఇది ముందు ఉంచుకోండి అని భావం. అప్పట్లో తర్జుమా చేసినవాళ్లు ఇంత గంభీరమైన చోట సంతలో వాడే మాట పెట్టారేంటి అనుకోవచ్చు మీరు. అసలు గ్రీకులో ఉన్నదే సంత మాట! అక్కడి పదం అర్రబోన్, పక్కా వ్యాపారస్తుల మాట. గ్రీకులకు కూడా సొంతం కాదది, మధ్యధరా సముద్రం మీద సరుకు వేసుకుని తిరిగిన సెమిటిక్ భాషల వర్తకుల దగ్గర నేర్చుకున్నారు. హీబ్రూలో ఎరావోన్, అరబ్బీలో ఉర్బూన్. ఆదికాండం 38వ అధ్యాయంలో యూదా తామారుకు మేకపిల్లను పంపిస్తానని చెప్పి, అది వచ్చేదాకా పూచీగా తన ముద్ర, దాని దారం, చేతికర్ర ఇచ్చేస్తాడే, ఆ పూచీకి హీబ్రూలో ఉన్న మాట ఇదే. అంటే తెలుగు తర్జుమాదారులు గ్రీకులోని బజారు మాటకు తెలుగులోని బజారు మాట పెట్టారు, అంతకంటే సరైన మాట దొరికేది కాదు. ఈరోజు పొలాల దగ్గర ఆ మాట చచ్చిపోయింది, చర్చిలో బతికుంది.

ఆ అర్రబోన్‌ను రోమన్లు తీసుకుని కత్తిరించి అర్ర చేసుకున్నారు. అది ఫ్రెంచిలో ఎర్ అయ్యి, ఇంగ్లండుకు వెళ్లాక ఎర్నెస్ట్ అయింది. ఇంగ్లీషులో ఎర్నెస్ట్ అంటే చిత్తశుద్ధి అనే ఇంకో మాట అప్పటికే ఉంది, రెండూ ఒకటేమో అనుకుని జనం కలిపేసుకున్నారు, చివర్లో ఆ ‘ట్’ అలా వచ్చి చేరింది. లా కాలేజీలో మా లెక్చరర్ ఎర్నెస్ట్ మనీ అంటే చిత్తశుద్ధి చూపించే డబ్బు అని చెప్పారు, పరీక్షలో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నా. పుట్టుక ప్రకారం తప్పు, కానీ చూడండి, మన సత్యంకారం అర్థం సరిగ్గా అదే.

చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో చింతచెట్టు ఉండేది. కాయ పాకానికి రాకముందే చింతపండు వ్యాపారి వచ్చి, చెట్టు చుట్టూ తిరిగి, మెడ పైకెత్తి కొమ్మలు లెక్కపెట్టి, రేటు చెప్పి అమ్మమ్మ అరచేతిలో పదకొండు రూపాయలు పెట్టి వెళ్లేవాడు. ఆవిడ అవి కొంగుకు ముడేసుకునేది, ఖర్చు పెట్టేది కాదు. ఒక ఏడు ఆ తర్వాత వారానికే ఇంకొకడు వచ్చి వంద ఎక్కువిస్తానన్నాడు, అప్పట్లో వందంటే మాటలా, మా మామయ్య అయితే దాదాపు ఒప్పేసుకున్నాడు. అమ్మమ్మ కొంగు ముడి చూపించి “చెట్టు మనదే గానీ కాయ మనది కాదురా” అంది. కాగితం లేదు, సాక్షి లేడు. మీ తాతగారి పదకొండు రూపాయలు చదవగానే నాకు ఆ ముడే గుర్తొచ్చింది.

ఒకటి గమనించండి, ఎకరంన్నర మాగాణికి పదకొండు రూపాయలు అంటే అది ఖరీదులో భాగంగా లెక్కలోకి వచ్చేంత సొమ్ము కాదు, అది గుర్తు. డబ్బే కానక్కర్లేదు కూడా. విజ్ఞానేశ్వరుడి మితాక్షర తెలుసు కదా, హిందూ కుటుంబాల ఆస్తి పంపకాలకు నిన్నమొన్నటిదాకా కోర్టుల్లో అదే ఆధారం, ఆయన కూర్చుని రాసిన కల్యాణి ఎక్కడో లేదు, జహీరాబాద్ దాటి కర్ణాటకలోకి వెళ్తే వచ్చే బసవకల్యాణే. ఆయన సత్యంకారానికి ఇచ్చిన ఉదాహరణ ఉంగరం. అమ్మకాలు కొనుగోళ్ల మాట నిలబడటానికి అవతలివాడి చేతిలో పెట్టే ఉంగరం లాంటి వస్తువు అన్నాడు. రోమ్‌లో కూడా అర్ర కింద ఉంగరం ఇచ్చేవాళ్లు, పెళ్లి కుదిరినప్పుడు ఇచ్చేదానికి కూడా వాళ్ల లాలో అర్ర అనే పేరుంది. యూదా ఇచ్చిన ముద్ర కూడా అలాంటిదే. ఇప్పుడు మన నిశ్చితార్థాల్లో ఉంగరాలు మార్చుకోవడం చూసినప్పుడల్లా నాకు సేల్ అగ్రిమెంటే గుర్తొస్తుంది, మా ఆవిడ దగ్గర ఈ మాట అనకండి.

ప్రశ్న: వకీల్ సాబ్, మాది కరీంనగర్ పక్కన పల్లె. 20 లక్షలకు ఇంటి జాగా బేరమాడి 2 లక్షలు బయానా ఇచ్చిన, స్టాంప్ పేపర్ మీద రాసుకున్నం, మూడు నెలల గడువు. ఇప్పుడు రేటు పెరిగిందని జాగా ఆయన “నీ బయానా నీకిస్త, వదిలెయ్” అంటుండు. మా ఊరి పెద్దమనుషులేమో అమ్మెటోడు ఎనకకుపోతే డబుల్ ఇయ్యాలె, కొనెటోడు పోతే బయానా పోవాలె, ఎప్పటినుంచో ఇదే పద్ధతి అంటున్నరు. ఇది చట్టంల ఉన్నదా? కాగితంల అయితే డబుల్ అని రాసుకోలే.
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: తమ్ముడూ, మీ పెద్దమనుషుల్ని తేలిగ్గా తీసుకోకండి. వాళ్లు చెప్పింది ఇవాళ్టి చట్టంలో లేదు, కానీ చట్టం కంటే చాలా పాతది.

యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో ఒక పాదం ఉంది: “సత్యంకారకృతం ద్రవ్యం ద్విగుణం ప్రతిదాపయేత్”. సంచకరువుగా పుచ్చుకున్న ద్రవ్యాన్ని రెట్టింపు చేసి వెనక్కి ఇప్పించాలి అని. ఆ స్మృతికి వ్యాఖ్యగా రాసిందే ఇందాక చెప్పిన మితాక్షర, అది దీన్నే ఇంకాస్త విడమరిచింది, ఉంగరం ఇచ్చినవాడే మాట తప్పితే ఉంగరం పోయినట్టే, పుచ్చుకున్నవాడు తప్పితే రెట్టింపు కక్కాలి. మీ ఊరి కట్ట మీద కూర్చున్న పెద్దాయన ఇది చదివి ఉండడు, అయినా అక్షరం తేడా లేకుండా అదే చెప్పాడు. ఇంకా వినండి, 533లో జస్టీనియన్ చక్రవర్తి పేరు మీద రోమన్ లా పాఠ్యపుస్తకం ఒకటి వచ్చింది, అందులోనూ ఇదే, కొనేవాడు తప్పితే అర్ర పోతుంది, అమ్మేవాడు తప్పితే రెట్టింపు ఇవ్వాలి. అది ఫ్రాన్స్‌కు వెళ్లి వాళ్ల సివిల్ కోడ్ 1590వ ఆర్టికల్‌లో కూర్చుంది, ఈరోజుకీ ఉంది. అంటే మీ జాగా పారిస్‌లో ఉండి, మీరిచ్చిన డబ్బు వాళ్లు అర్ర్ అనే ఆ సొమ్మే అయ్యుంటే, మీకు 4 లక్షలు వచ్చేవి.

మరి మనకెందుకు రాలేదు అంటే, మనం ఇంగ్లీషు వాళ్ల దారిలో పడ్డాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం రాసినప్పుడు సంచకరువుకు విడిగా సెక్షనే పెట్టలేదు. ఆ తర్వాత 1884లో ఇంగ్లండులో హోవ్ వర్సెస్ స్మిత్ అని ఒక కేసు, 12,500 పౌండ్ల ఆస్తికి 500 పౌండ్లు డిపాజిట్ కట్టి మిగతాది కట్టలేకపోయినవాడిది. అందులో జడ్జి ఫ్రై ఈ ఎర్నెస్ట్ చరిత్ర రోమన్ల దాకా తవ్వి, ఈ సొమ్ము మాట నిలబెట్టుకుంటానన్న హామీ, మాట తప్పినవాడికి వెనక్కి రాదు అని తేల్చారు. కొనేవాడి సగం లా అయింది. అమ్మేవాడి సగం, అంటే డబుల్ ఇవ్వాలన్నది, ఇంగ్లీషు లాలోకి రానేలేదు. నన్నడిగితే ఇది అన్యాయం, ఒకవైపు మాత్రమే కాటేసే పాము లాంటిది, రెండువైపులా పదునున్న మన పాత పద్ధతే నయం. కానీ నా అభిప్రాయంతో కోర్టు నడవదు కదా.

అలాగని మీ ఓనర్ చెప్పినట్టు “నీ బయానా నీకు, నా జాగా నాకు” అనడం కుదరదు. అసలు పాయింట్ ఇది, బాగా పట్టుకోండి. బయానా అంటే బేరం వదిలించుకునే టికెట్ కాదు, బేరాన్ని కట్టేసే తాడు. మీరు జాగా కావాలంటే కావాలని కోర్టులో అడగొచ్చు, ఒప్పందం అమలు చేయించమని, స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా అంటారు దాన్ని. కాగితంలో మాట తప్పితే ఇంత కట్టాలని రాసి ఉన్నా సరే, అది కట్టేసి తప్పించుకునే ఆప్షన్ ఉద్దేశపూర్వకంగా ఇచ్చినట్టు లేకపోతే దావా ఆగదు, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 23వ సెక్షన్ ఆ మాటే చెప్తుంది. 2018లో ఆ చట్టాన్ని సవరించాక ఇదివరకటిలా “మాకిష్టమైతే ఇస్తాం” అనే ధోరణి కోర్టులకు బాగా తగ్గింది.

కాకపోతే మీ వైపు నుంచి ఒకటి గట్టిగా ఉండాలి. మిగతా 18 లక్షలు కట్టడానికి నేను రెడీగా ఉన్నాను, మొదట్నుంచీ ఉన్నాను అని చూపించాలి. బ్యాంకు బ్యాలెన్సో, లోను శాంక్షనో, ఏదో ఒకటి. చాలామంది ఇక్కడే పడిపోతారు, న్యాయం వాళ్లవైపే ఉంటుంది కానీ డబ్బు రెడీగా లేదని తేలుతుంది. ఈరోజే ఒక వకీలు చేత నోటీసు ఇప్పించండి, ఫలానా తేదీన రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రమ్మని, ఆ రోజు మీరెళ్లి కూర్చోండి. గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి, అలాగని మూడేళ్లుంది కదా అని కూర్చోకండి, ఆలోగా ఆయన ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేసేస్తే కొత్త తలనొప్పి.

దావాలో ఒక లైను మర్చిపోకుండా రాయించండి, జాగా ఇప్పించలేకపోతే కనీసం నా బయానా వడ్డీతో ఇప్పించండి అని. అడక్కపోతే ఇవ్వరు, నిజంగా! అదే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్‌లోనే ఉంది, ప్లెయింట్‌లో, అంటే దావా పత్రంలో స్పష్టంగా కోరకపోతే ఆ ఉపశమనం కోర్టు ఇవ్వకూడదని. మధ్యలో సవరించుకోవచ్చు లెండి, కానీ ఆ తిప్పలెందుకు. ఇంకో మంచి మాట, ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం అమ్మేవాడు తప్పితే మీ బయానాకు ఆ జాగా మీదే ఒక రకమైన తాకట్టు హక్కు ఉంటుంది. ఇది వకీళ్లు కూడా అడగడం మర్చిపోతుంటారు.

డబుల్ అని కాగితంలో రాసుకుని ఉంటే వచ్చేదా అని మీకు డౌటు వస్తుంది. గ్యారంటీ లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, దానిలోపు న్యాయమైనంత కోర్టు ఇప్పిస్తుంది. అయినా రాసుకోండి, అవతలివాడు జంకుతాడు, ఊళ్లో మాట్లాడేటప్పుడు ఆ లైను పనికొస్తుంది.

ఇంకొకటి, లా కాదు, ఊరికే. మీరు బయానా అన్నారు కదా, అది అరబ్బీ బై, అంటే అమ్మకం, దానికి పారశీక భాషలోని ‘ఆనా’ తోక తగిలితే వచ్చింది. నజరానా, జరిమానా, హర్జానా, అన్నిట్లో అదే తోక. సాదాబైనామా అనే మాట తెలంగాణలో రైతు పుట్టగానే నేర్చుకుంటాడు కదా, తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం, అందులో ఉన్న బై కూడా ఇదే. నిజాం కాలంలో కోర్టు కచేరీ అంతా ఉర్దూ కాబట్టి మీవైపు సంచకరువు నిలవలేదు, బయానా నిలిచింది. వింతేంటంటే అరబ్బీలో ఈ ముందస్తు సొమ్ముకు బయానా అనరు, ఇందాక చెప్పిన ఉర్బూనే అంటారు. ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో దీని మీద పెద్ద తగాదా ఉంది, కొనేవాడు వెనక్కి తగ్గితే ఉర్బూన్ అమ్మేవాడు ఉంచేసుకోవచ్చని హన్బలీ శాఖవాళ్లు ఒప్పుకుంటారు, మిగతా మూడు సున్నీ శాఖల్లో ఎక్కువమంది, ఏమీ ఇవ్వకుండా ఒకరి డబ్బు ఎలా తింటావు అని ఒప్పుకోరు.

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఫ్లాట్ కొందామని బుకింగ్ అని కొంత, తర్వాత ఇంకొంత కలిపి మొత్తం ఖరీదులో పాతిక శాతం కట్టేశాను. ఉద్యోగం పోయింది, ఇక కట్టలేను. కాగితంలో ‘చెల్లించిన మొత్తం ఎర్నెస్ట్ మనీగా పరిగణించి జప్తు చేయబడును’ అని ఉంది. అంతా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు గుండె చిక్కబట్టుకోండి, అంతా పోవడం అంత ఈజీ కాదు. కాగితంలో ఎర్నెస్ట్ మనీ అని పేరు పెట్టినంత మాత్రాన మొత్తం ఎర్నెస్ట్ మనీ అయిపోదు. కోడిని నెమలి అని రాసుకుంటే పింఛం వస్తుందా?

సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులో ఇదే తేల్చింది. ఢిల్లీలో బంగళా, ఖరీదు 1,12,500 రూపాయలు. కొనేవాడు 1,000 ఎర్నెస్ట్ అని ఇచ్చాడు, తర్వాత ఖరీదు కింద 24,000 ఇచ్చాడు, ఆ తర్వాత బేరం చెడింది. అమ్మేవాడు 25,000 మొత్తం నాదే అన్నాడు. కోర్టు ఏమందంటే వెయ్యి ఉంచుకో, ఆ 24 వేలు మాత్రం నీకు నష్టం జరిగిందని చూపిస్తే తప్ప ఉంచుకోలేవు. 1969లో మౌలాబక్ష్ కేసు ఇంకా బాగుంటుంది, మిలిటరీకి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సప్లై చేస్తానని ఒప్పుకున్న కాంట్రాక్టరు 10,000 ఒకదానికి, 8,500 ఇంకోదానికి డిపాజిట్ కట్టాడు, సరుకు సరిగ్గా ఇవ్వలేదు, ప్రభుత్వం డిపాజిట్లు మింగేసింది. ఇవి సెక్యూరిటీ డిపాజిట్లు, ఎర్నెస్ట్ మనీ కాదు, నష్టం ఎంతో రుజువు చేయకుండా ఉంచుకోవడానికి లేదు అని కోర్టు అంది. దుంపలు బజార్లో దొరుకుతాయి, వేరేచోట కొంటే ఎంత ఎక్కువైందో లెక్క చెప్పడం కష్టమేం కాదు కదా.

ఇక్కడ మీకు నచ్చని కేసు కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినవాణ్ణవుతా. అదే 1969లో హనుమాన్ కాటన్ మిల్స్ కేసు, 10 లక్షల విమాన తుక్కు బేరం, పాతిక శాతం అంటే రెండున్నర లక్షలు కట్టారు, మిగతాది కట్టలేదు, ఆ రెండున్నర లక్షలూ పోయాయి. అక్కడ ఆ పాతిక శాతం మొదటి రోజునుంచీ బేరానికి హామీగానే పెట్టిన డిపాజిట్ అని షరతుల్లో సూటిగా తేలింది. కాబట్టి మీరు చూడాల్సింది ఏ రూపాయి ఎప్పుడు, దేనికోసం ఇచ్చారు అని. మొదటి రోజు బుకింగ్ కింద ఇచ్చింది హామీ, అది పోతే పోయింది అనుకోండి. తర్వాత స్లాబు వేసినప్పుడు, డిమాండ్ లెటర్ వచ్చినప్పుడు కట్టినవి ఖరీదులో వాయిదాలు. రశీదులన్నీ తేదీల వారీగా ఒక దారానికి గుచ్చండి, మీ కేసు సగం అక్కడే ఉంది.

ఇంకో ఆయుధం రెరా, అంటే బిల్డర్లను అదుపులో పెట్టే రియల్ ఎస్టేట్ చట్టం. ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ సేల్ అగ్రిమెంట్ చేయకుండా బిల్డర్ ఖరీదులో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. మీకు అగ్రిమెంట్ రిజిస్టర్ చేశారా లేదా, ఎప్పుడు చేశారు, అది మీరు రాయలేదు. చేయకుండా పాతిక తీసుకుని ఉంటే తప్పు ముందు వాళ్లది. పైగా 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు, నష్టమే జరగనప్పుడు జప్తేంటి అని అడిగింది. అది ఢిల్లీ అభివృద్ధి సంస్థ మీద వచ్చిన కేసు, 1982 వేలంలో 3.12 కోట్లకు ప్లాటు పాడిన కంపెనీ 78 లక్షలు కట్టింది, అది జప్తు చేసి అదే ప్లాటును తర్వాత 11.78 కోట్లకు అమ్ముకున్నారు. లాభం వచ్చింది కదా, 78 లక్షలు తిరిగివ్వు అంది కోర్టు. ఆ కేసులో కొన్నవాళ్ల తప్పు కూడా లేదు, అది గుర్తుంచుకోండి, మీది మీరే కట్టలేకపోవడం. అయినా మీ ఫ్లాటు ఇప్పుడు ఇంకొకరికి ఎంతకు అమ్ముతున్నారో ఒకసారి కొనేవాడిలా ఫోన్ చేసి కనుక్కోండి, రేటు పెరిగి ఉంటే ఆ అంకె రాసి పెట్టుకోండి.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో అద్దె ఆఫీసు కోసం ఒకాయనకు అడ్వాన్స్ ఇచ్చి రశీదు అడగలేదు, మొహమాటం. వారం తర్వాత ఆ గది వేరేవాళ్లకిచ్చి, నువ్విచ్చింది బ్రోకరేజీలోకి పోయింది అన్నాడు. ఊళ్లో అందరికీ రశీదులు రాసిచ్చే వకీలుకు రశీదు లేదు. మా సీనియర్ గారు ఈ కథ ప్రతి కొత్త జూనియర్‌కు నా ముందే చెప్పేవారు.

చివరగా రెండు చిన్నవి. గుంటూరు నుంచి ఒకరు, బయానా కరెక్టా బజానా కరెక్టా అని అడిగారు. పుట్టుక ప్రకారం బయానా, కానీ కొన్నిచోట్ల నోళ్లలో బజానాయే తిరుగుతుంది, ఏది రాసినా చెల్లుతుంది. టెండరు నోటీసుల్లో కనిపించే ధరావతు కూడా ఇదేనా అని ఇంకొకరు. మాట వేరు, పనిలో దగ్గరి బంధువే, పాట పాడి పారిపోకుండా కట్టించుకునే సొమ్ము. టెండరు మీకు రాకపోతే వెనక్కి ఇచ్చేస్తారు.

తెనాలి అమ్మగారూ, ఆ 1936 కాగితాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి, వేడికి సిరా మాసిపోతుంది. అట్టల మధ్య పెట్టి, ఫొటో ఒకటి తీసి దాచండి. వెనకవైపు తిప్పి చూశారా? పాత ఒప్పందాల్లో మిగతా సొమ్ము ముట్టినప్పుడల్లా వెనకాలే తేదీ వేసి రాసేవాళ్లు, ఆ పదకొండు రూపాయల తర్వాత ఏమైందో అక్కడ ఉండొచ్చు.